ఇది నీళ్ళు కాదు

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు అటెండరుగా పనిచేసిన, మేమందరం అన్న అని పిలిచే మనిషి పోయారు. కిందటి నెల ఒక మంగళవారం పొద్దున నేను రెండో ఏడాది పిల్లల రికార్డులు దిద్దుతూ ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది నా పాత విద్యార్థిని. మనుబోలు దగ్గర స్కూల్లో ఇప్పుడు టీచరు.

"మేడమ్, అన్న పోయినాడంట. నిన్న మధ్యాహ్నం. వాళ్ళ ఊరి నుంచి ఇప్పుడే చెప్పినారు."

ఎట్లా పోయారనే మాట నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ అమ్మాయే, "మీరు వస్తారా మేడమ్?" అంది.

"ప్రాక్టికల్ పరీక్షలున్నాయి కదమ్మా" అన్నాను.

పరీక్షలు ఉన్న మాట నిజమే. కానీ ఒక పూట నా బదులు చూడమంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. నేను వెళ్ళకపోవడానికి కారణం పరీక్షలు కాదు. ఆయన చావుకు కారణం ఏమని చెబుతారో వినడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇరవై రెండేళ్ళుగా నాకు నేనే ఒక జవాబు చెప్పుకుని దాన్ని మోస్తూ ఉన్నాను. ఎవరైనా పైకి అనేస్తారేమోనని భయం.

అది చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

అన్న వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. చేపలు పట్టే కుటుంబం. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చేతుల్లేని బనియను మీద కాకీ చొక్కా, భుజం మీద గళ్ళ తువ్వాలు. గోళ్ళు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉండేవి. చదివింది ఏడో తరగతి. ల్యాబ్ వెనక మా మ్యూజియం గది ఉంది. అందులో గాజు జాడీల్లో చేపలు, పాములు, పీతలు, ఒక సొరచేప పిల్ల, రెండు తలల గొర్రెపిల్ల ఒకటి, మొత్తం మూడు గోడల నిండా ఉంటాయి. వాటన్నిటి బాగోగులు ఆయనవే. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆ జాడీల ముందు నిలబడి ఒక్కొక్క చేప శాస్త్రీయ నామం గట్టిగా చదువుతున్నాను, నాకు తెలుసని చూపించుకోవడానికి. ఆయన పక్కనే నిలబడి శ్రద్ధగా విన్నారు. నేను సొరపిల్ల దగ్గరికి వచ్చి ఆగితే, "దీన్ని మేము బాలింతలకు పొడికూర మాదిరి పుట్టు చేసి పెడతాం మేడమ్. పాలు బాగా పడతాయి. పాపం, ఇదిప్పుడు దేనికీ పనికి రాదు" అన్నారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. అటెండరు నన్ను తేలిక చేశాడనిపించింది.

ఆ జాడీల్లో ఉండేది ఫార్మాలిన్. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. చచ్చిన జీవిని కుళ్ళకుండా ఏళ్ళ తరబడి నిలబెట్టే ద్రవం అది. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీళ్ళలో కరిగిస్తే వస్తుంది. రంగు లేదు, చూడ్డానికి అచ్చం నీళ్ళే. మూత తీస్తే మాత్రం ముక్కులో సూదులు గుచ్చినట్టుంటుంది. కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, గొంతు మండుతుంది. చేతి మీద పడితే చర్మం తోలు మాదిరి బిరుసెక్కుతుంది, కొందరికి దద్దుర్లు లేస్తాయి. ఏళ్ళ తరబడి పీలిస్తే క్యాన్సర్ ప్రమాదం ఉందని పిల్లలకు పాఠంలోనే చెబుతాం. ఇంకో మోసం కూడా ఉంది దానిలో. గదిలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. గాలి బాగుపడిందని మనం అనుకుంటూ ఉంటాం, అది మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది.

ఈ చివరి సంగతి నేను పుస్తకంలో చదివాను. అన్న మాటల్లో అది ఇలా ఉండేది: "వాసన వస్తా ఉండాదా అని ముక్కును అడగబాకండి. కిటికీ తెరిసుండాదా లేదా చూసుకోండి."

రోజూ అందరికంటే ముందు వచ్చి ల్యాబ్ తాళం తీసి, గబగబా లోపలికి పోయి ఆరు కిటికీలూ తెరిచి, మళ్ళీ బయటికి వచ్చేవారు. గోడ గడియారం చూసుకుంటూ పది నిమిషాలు వరండాలో నిలబడేవారు. ప్రిన్సిపాల్ వచ్చి పిలిచినా ఆ పది నిమిషాల్లో లోపలికి పోయేవారు కాదు, ఎవర్నీ పోనిచ్చేవారు కాదు. ల్యాబ్‌లో టీ తాగనివ్వరు. తాగే నీళ్ళ కుండ వరండా చివర, అక్కడే గ్లాసు. ఎవరైనా పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని లోపలికి వస్తే చేయి చాపేవారు, మాట్లాడకుండా. సీసా ఇచ్చేదాకా ఆ చేయి అట్లాగే ఉండేది.

ఫార్మాలిన్ డబ్బాల మీద కంపెనీవాళ్ళు అంటించిన ఇంగ్లీషు కాగితం ఉంటుంది. ఆయన దాని పైన మైదా పిండితో ఇంకో కాగితం అంటించేవారు. లావు అక్షరాలతో, కొంచెం వంకరగా, 'ఇది నీళ్ళు కాదు' అని ఉండేది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అది చూసి నవ్వాడట. అన్న ఏమీ అనుకోకుండా, "ఇంగ్లీషు చదివేవోళ్ళు దీన్ని తాగరు సార్. ఊడ్చేదానికి వచ్చే ఆమె కోసం రాసినా. ఆమెకు తెలుగు కూడి కూడి చదవను వస్తాది" అన్నారట.

జాడీలకు పోయడానికి ఒక వంతు ఫార్మాలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలపాలి. ఆ పని ఎప్పుడూ వెనక వరండాలో చేసేవారు. కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, మూత తీసేముందు ఒక్క క్షణం కదలకుండా నిలబడేవారు. ఏం చేస్తున్నారని ఒకసారి అడిగితే, "గాలి యాడి నుంచి వస్తా ఉండాదో చూస్తా ఉండా. వీపు మీదికి రావాల. మొగానికి వచ్చేటప్పుడు పొయ్యకూడదు" అన్నారు. సముద్రం మనిషి కదా, గాలిని చెంపతో కనిపెట్టేవారు. ప్రాక్టికల్‌కు పిల్లల ముందు పెట్టే చేపను ముందురోజే జాడీలోంచి తీసి ఆ రోజంతా నీళ్ళు మార్చి మార్చి కడిగేవారు. ఇంత అవసరమా అన్నానొకసారి. "పిల్లోళ్ళు దాని మీదికి వొంగుతారు మేడమ్. వాళ్ళ ముక్కుకూ దానికీ జానెడే దూరం" అన్నారు.

ఇవన్నీ ఇప్పుడు ఇంత ప్రేమగా రాస్తున్నాను. ఆ రోజుల్లో నాకు చికాకుగా ఉండేది. నాకు ఇరవై ఆరేళ్ళు. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినదాన్ని, మా ఇళ్ళల్లో మొదటిసారి ఎమ్మెస్సీ చేసినదాన్ని. చదువంటే నాకే ఉందనుకునేదాన్ని.

నేను చేరిన ఏడాదే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. మ్యూజియంలో సగం జాడీల్లో ద్రవం తగ్గిపోయి చేపల వీపులు పైకి తేలి ఉన్నాయి. కొన్నిట్లో పసుపు పచ్చగా మారింది. అన్నీ మార్చడానికి నాలుగు రోజులు పడుతుందని అన్న అన్నారు. రోజుకు కొన్ని చొప్పున, వరండాలో, వాన లేనప్పుడు. నాకు ఒక్క పూటలో తేల్చేయాలని ఉంది. ఆ రోజు ఆయన్ను ప్రిన్సిపాల్ ఏదో పని మీద కోవూరు పంపారు. పోతూ పోతూ నా దగ్గరికి వచ్చి, "నేనొచ్చేదాకా ఆ డబ్బా ముట్టుకోబాకండి మేడమ్" అన్నారు. పిల్లల ముందర అన్నారు. అదే నాకు గుచ్చుకుంది.

ఆయన గేటు దాటగానే ముగ్గురు అమ్మాయిల్ని పిలిచి పని మొదలుపెట్టాను. కార్తీక మాసపు వాన, ఈదురుగాలి. జల్లు లోపలికి కొట్టి బల్ల మీది రికార్డులు తడుస్తున్నాయని కిటికీలు ఒక్కొక్కటే నేనే మూశాను. వరండా తడిగా ఉందని ఐదు లీటర్ల డబ్బాను లోపలే బల్ల అంచున పెట్టించాను. తొడుగులు వేసుకోలేదు. మూత తీసి, రెండు చేతులా ఎత్తి పోయాల్సిన డబ్బాను ఒక చేత్తో వంచాను. తడి చెయ్యి. డబ్బా జారి కింద పడింది.

పడ్డాక అది చేసిన చప్పుడు నాకు ఇంకా గుర్తు. గుడగుడమని, తొందరేమీ లేనట్టు, అంతా నేల మీదికి వచ్చేసింది. మొదటి ఊపిరికే గొంతు మూసుకుపోయింది. కళ్ళు తెరవలేకపోయాను. తలుపు ఎటుందో ఒంటికి తెలుసు, అటు పరుగెత్తాను. నా పక్కన ఎవరో పరుగెత్తుతున్నట్టు తెలుస్తూ ఉంది. వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని దగ్గుతున్నాను.

అన్న అప్పుడే గొడుగు ముడుస్తూ మెట్లెక్కి వస్తున్నారు. బస్సు దొరకలేదో, పని తొందరగా అయిందో, ఆ సంగతి నేను ఎప్పుడూ అడగలేదు. నా ముఖం చూశారు, తలుపు చూశారు.

"ఎంతమంది ఉండారు మేడమ్?"

"ముగ్గురు" అన్నాను.

"ఇద్దరే ఉండారే ఈడ."

మూడో అమ్మాయి మ్యూజియం గదిలో ఖాళీ జాడీలు తుడుస్తూ ఉంది. ఆ గదికి వేరే దారి లేదు. ఆమెకూ తలుపుకూ మధ్య నేల నిండా ఫార్మాలిన్. ఆమెను అక్కడ పెట్టింది నేనే. పరుగెత్తేటప్పుడు ఆమె నాకు గుర్తే రాలేదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అన్న తువ్వాలు కుండలో ముంచి ముక్కుకూ నోటికీ చుట్టుకుని లోపలికి పోయారు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముందు ఒక కిటికీ దడాలున తెరుచుకున్న చప్పుడు, తర్వాత ఇంకొకటి. అప్పుడు ఆ అమ్మాయి రెక్క పట్టుకుని బయటికి వచ్చారు. తువ్వాలు ఆ అమ్మాయి ముఖానికి ఉంది. ఆయన ముఖానికి ఏమీ లేదు.

ఆ తర్వాత ఆయన చేసినదంతా ఒక పద్ధతిగా చేశారు, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు. ఆ పిల్లను కుళాయి కింద వంచి, రెప్పలు వేళ్ళతో తెరిచిపట్టి, గడియారం చూస్తూ పావుగంట కళ్ళు కడిగించారు. చాలు అన్నా అని ఆ పిల్ల ఏడుస్తున్నా వదల్లేదు. ఆ అమ్మాయి అయ్యాకే తన కళ్ళు. నేను బక్కెట్టు, గుడ్డ పట్టుకుని లోపలికి పోబోతే చేయి అడ్డం పెట్టారు. మాట రావడం లేదు, గుసగుసగా అన్నారు: "ముందు గాలి రానీండి. తుడిచేది తర్వాత." గంట దాటాక, తొడుగులు వేసుకుని, ఇసుక చల్లి, ఎత్తి, నీళ్ళు కొట్టి కడిగారు. నన్ను గడప దాటనివ్వలేదు. సాయంత్రం ప్రభుత్వాసుపత్రిలో ఇద్దర్నీ చూశారు. ఆ అమ్మాయికి కళ్ళు ఎర్రబడ్డాయి గానీ చూపుకు ఏమీ కాలేదు. మూడు రోజుల్లో కాలేజీకి వచ్చింది. ఇప్పుడు అన్న పోయారని నాకు ఫోన్ చేసింది ఆ అమ్మాయే.

అన్నకు నాలుగు రోజులు గొంతు రాలేదు. వచ్చాక ఆయన నన్ను తిట్టలేదు, ప్రిన్సిపాల్ దగ్గర ఫిర్యాదు చేయలేదు. ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"జరిగింది రాయండి మేడమ్. పేర్లు వద్దు. కిటికీలు మూసింది, తొడుగులు లేంది, డబ్బా బల్ల అంచున పెట్టింది, అన్నీ వరసగా రాయండి."

"ఎందుకన్నా?"

"మీ తర్వాత ఇంకొక మేడమ్ వస్తాది గదా."

రాశాను. చివర ఆయన చెప్పిన వాక్యం కూడా రాశాను. 'ముందు మనుషుల్ని లెక్కబెట్టుకోండి, సీసాల్ని తర్వాత.' అది చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడకుండా కిటికీ వైపు చూశారు. ఆ కాగితం రసాయనాల బీరువా తలుపు లోపలివైపు అంటించారు. ఇప్పటికీ ఉంది, అంచులు పసుపెక్కి. కొత్తగా చేరిన ప్రతి లెక్చరరుకూ తాళం చెవి ఇచ్చే ముందు అది చదివిస్తాను. రాసింది ఎవరని అడిగితే నేనేనని చెబుతాను.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. అన్నకు దగ్గు ఉండేది. పొడి దగ్గు, మూడు సార్లు వచ్చి ఆగి మళ్ళీ మూడు సార్లు. వరండా ఆ చివర నుంచి వినిపించేది. అంతకుముందు ఉండేదో లేదో నాకు తెలియదు, ఏడాది నిండని కొత్తదాన్ని, అటెండరు దగ్గును పట్టించుకునే మనిషిని కాను. ఆ సంఘటన తర్వాత మాత్రం ప్రతిసారీ వినిపించింది. పాఠం చెబుతుంటే, హాజరు వేస్తుంటే, ఎక్కడున్నా. చలికాలంలో ఎక్కువయ్యేది. నా డబ్బా జారకపోయి ఉంటే ఆయన ఊపిరి బాగుండేది కదా అనుకునేదాన్ని. ఆయన దగ్గిన ప్రతిసారీ నాకు తెలియకుండానే లేచి, దగ్గర్లో ఏ కిటికీ ఉంటే అది తెరిచేదాన్ని. ల్యాబ్‌లో గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించడానికి మూడేళ్ళు ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగాను. పాతకాలపు నమూనాలు కొన్నిట్ని పిల్లల ముందు పెట్టడం మానేసి బొమ్మలు, వీడియోలు తెప్పించాను. అందరూ మంచి లెక్చరరన్నారు. అది మంచితనమో భయమో నాకే తెలియలేదు.

ఆయన రిటైరైన రోజు సభ అయ్యాక దండతోనే నా గదికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మేడమ్, ఈ దగ్గు గురించి మీతో ఒక మాట..." అని మొదలుపెట్టారు.

"వద్దన్నా" అన్నాను. కళ్ళు నిండాయి. "దయచేసి ఆ మాట ఎత్తొద్దు."

ఆయన, "సరే అమా" అన్నారు. నన్ను మేడమ్ అనకుండా పిలిచింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత రెండుసార్లు వాళ్ళ ఊరి నుంచి ఫోన్ చేశారు. మాటల్లో దగ్గు వచ్చిందంటే చాలు, ఏదో పని ఉందని పెట్టేసేదాన్ని. పధ్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడటానికి పోలేదు.

ఫోన్ వచ్చిన మూడో రోజు పరీక్షలు అయిపోయాయి. ఇక చెప్పుకోవడానికి సాకు లేదు. బస్సెక్కాను.

వాళ్ళ ఇల్లు ఊరికి తూర్పు కొసన ఉంది. ముందర రేకుల పంచ, అందులో ప్లాస్టిక్ కుర్చీలు. బంధువులు వచ్చి పోతున్నారు. అన్న భార్య గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. చిన్న మనిషి, మెరిసే కళ్ళు. నేను ఫలానా అని చెప్పబోతే చేయి ఊపింది.

"తెలుసు మేడమ్మా. కిటికీల మేడమ్మ గదా. వస్తారని అనుకుంటా ఉండా. కూర్చోండి."

నేనూ చాప మీదే కూర్చున్నాను. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎలా పోయారని అడగడానికి గ్లాసు సగం ఖాళీ అయ్యేదాకా పట్టింది.

"నొప్పి గిప్పి ఏం లే. అన్నం తిన్నాడు, రెండోసారి చారు పోయించుకున్నాడు. మంచం మీద కూర్చోని మనవరాలికి ఏదో చెప్తా చెప్తా అట్నే ఒరిగినాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. డెబ్భై రెండేళ్ళు. పడకేసి తీసుకోలా, ఎవురి చేతా చేయించుకోలా. అదొకటి మాకు నిమ్మళం."

"ఊపిరి..." అన్నాను. "దగ్గు ఎక్కువైందేమో, చివర్లో..."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చాప మీద నా పక్కకు జరిగింది.

"ఆ దగ్గు పెళ్ళినాటికే ఉండాది మేడమ్మా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చిందంట. పోతాడనుకున్నారంట. బతికినాడు గానీ రొమ్ములో మచ్చ ఉండిపోయింది. పెళ్ళి చూపులప్పుడు దగ్గితే మా నాయన, ఇదేందో క్షయ మాదిరుండాది, పిల్లనియ్యను అన్నాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపోయి రొమ్ము ఫొటో తీయించి, డాక్టరు అంటుకునేది కాదని చెప్పినాకే తాంబూలాలు తీసుకున్నారు. సముద్రం మీద చలిగాలికి ఎక్కువైతాదని వాళ్ళ నాయన పడవ ఎక్కనీలే. అందరూ చేపల యాటకు పోతా ఉంటే ఈయన ఒడ్డున కూర్చోనుండేవోడు. అట్టా కూర్చోలేక కదా కాలేజీ పనికి పోయింది. ఆ దగ్గే లేకుంటే మీ కాలేజీ మొగం చూసేవోడు కాదు."

"మరి ఆ రోజు... ఫార్మాలిన్ పడిన రోజు..."

"ఆ రోజు గొంతు పోయింది, నాలుగు రోజులు. నాకు బాగా గుర్తు, ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉండాదో." ఆమె పెదవులు కదిలాయి. "ఐదో రోజు పులుసులో ఉప్పు తక్కువైందని అరిచినాడు. సరే, బాగైనాడనుకున్నా. దగ్గు మాత్రం ముందెట్లుండాదో తర్వాతా అట్నే ఉండాది. మొన్న చలికాలం కూడా ఫొటో తీసినారు. అదే మచ్చ, అంతే ఉండాది, పెరగలా. కావాలంటే చూపిస్తా."

లోపలికి పోయి తలుపు వెనక నుంచి పెద్ద కవరు తెచ్చింది. ఎక్స్‌రే ఫిల్మును పంచలో వెలుగుకు ఎత్తి పట్టుకున్నాం, ఇద్దరం చెరో అంచు పట్టుకుని. నాకు డాక్టరు చదువు లేదు. డాక్టరు రాసిన చీటీ మాత్రం చదవగలను. చిన్ననాటి పాత మచ్చ, కొత్తగా ఏమీ లేదు అని ఉంది. నేను ఆ చీటీని చాలాసార్లు చదివాను. ఆ ముప్పై ఏళ్ళలో ఫార్మాలిన్ ఆయనకు చెడు ఏదీ చేయలేదని నేను అనను. గొంతు మండిన రోజులు, కళ్ళు కారిన రోజులు ఎన్నో ఉండి ఉంటాయి. కానీ నేను అనుకుంటూ వచ్చింది నిజం కాదు. నా చేయి జారినందుకు ఆ మనిషి జీవితమంతా దగ్గలేదు.

నాకు ఏడుపు వచ్చింది. చావింట్లో ఏడిస్తే ఎవరూ కారణం అడగరు. ఆమె మాత్రం నా వీపు నిమిరింది, ఎందుకో తెలిసినట్టే.

"ఎందుకు చెప్పలేదమ్మా ఆయన నాకు" అన్నాను చివరికి.

"మీరు చెప్పనిచ్చినారా? రిటైరైన రోజు చెప్తామని వచ్చినాడు. ఇంటికొచ్చి, ఆ అమ్మ ఏడ్చింది, నా నోరు లేవలా అన్నాడు. ఫోన్‌లో చెప్తామని చూస్తే పెట్టేస్తిరంట." ఆమె ఎక్స్‌రేను కవర్లో పెట్టింది. "తర్వాత తర్వాత ఆయనే అనేవోడు. నేను దగ్గితే ఆ మేడమ్ కిటికీ తెరుస్తాది, పిల్లోళ్ళకు గాలి వస్తాది, పోనీలే అని. అని నవ్వేవోడు. నవ్వితే మళ్ళీ దగ్గు."

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అవతల కూర్చున్న పెద్దాయన ఒకరు ఇటు తిరిగి చూసి, మళ్ళీ తల తిప్పుకున్నారు. కొంచెం కోపం కూడా వచ్చింది నాకు, అబద్ధమెందుకు. ఇన్నేళ్ళు. కానీ ఆ కోపం ఆయన మీదో, చెవులు మూసుకున్న నా మీదో తేల్చుకునేలోపే తగ్గిపోయింది. తల మీది బరువు దించుకున్న కూలిమనిషికి మెడ కాసేపు వింతగా ఉంటుందే, అలా ఉంది నాకు.

భోజనం చేసి పొమ్మన్నారు. చేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆయన గురించి నాకు తెలిసినవన్నీ చెప్పాను. సొరపిల్ల మాట, గాలిని చెంపతో చూడటం, సీసా కోసం చాపిన చేయి. ఆ ఇంట్లోవాళ్ళకు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు. కోడలు అంది, ఇంట్లో కూడా అంతేనట. దోమల మందు కొట్టినా, గచ్చు కడిగే యాసిడ్ పోసినా, పిల్లల్ని ముందు బయట వరసగా నిలబెట్టి లెక్కపెట్టేవారట. నేను బయల్దేరేటప్పుడు అన్న భార్య, కాలేజీ నుంచి తామేమైనా తీసుకోవాలా, సంతకాలేమైనా ఉన్నాయా అని అడిగింది. నేను కనుక్కుని చెబుతానన్నాను. మళ్ళీ వస్తానన్నాను. ఈసారి ఆ మాట భయం లేకుండా వచ్చింది.

సాయంత్రం బస్సులో వస్తూ ఉంటే రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువులు. పొద్దు వాలుతోంది. బస్సు ఎవరి కోసమో ఒక కల్వర్టు దగ్గర ఆగింది. పక్క చెరువులో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు నాలుగు తిరుగుతున్నాయి. రెక్కలు నీళ్ళను తెల్లగా ఎగజిమ్ముతున్నాయి, పడుతున్నాయి, మళ్ళీ ఎగజిమ్ముతున్నాయి. గట్టు మీద ఒక మనిషి చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని వాటినే చూస్తున్నాడు. ఆ తుంపర అతని మీద పడుతూ ఉంది. అతను లేవలేదు.